వెనక్కి తిరిగిన కొంగ

1989 వేసవి. రామన్నపేటకు దగ్గరలోని ఒక ఊళ్లో చేనేత సహకార సంఘానికి నేను సూపర్‌వైజర్‌ని. నేసి తెచ్చిన చీరను బల్ల మీద పరిచి, మడత మడతా చూసి, బాగుంటే పాస్ చేయడం, లోపముంటే ‘డ్యామేజ్’ అని పక్కన పెట్టడం నా పని. డ్యామేజ్ అంటే మజూరీలో, అంటే నేత కూలిలో, కోత. అందుకే ఊళ్లో నన్ను చూసి నవ్వేవాళ్లు తక్కువ. నాకదేం పట్టేది కాదు. నేను పాస్ చేసిన చీరను పట్నంలో ఏ దుకాణమూ వెనక్కి పంపలేదని నాకు బోలెడంత గర్వం.

అక్కడి నేత టై అండ్ డై. నూలును అక్కడక్కడా సైకిల్ ట్యూబు రబ్బరుతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగెక్కదు. ఆ నూలుతో నేస్తే బొమ్మ తేలుతుంది. కట్టడానికి ముందు పేక నూలును, అంటే చీరకు అడ్డంగా పడే నూలును, మేకుల చట్రం మీద అటూ ఇటూ తిప్పుతూ పోగు పక్కన పోగు పరచాలి. దాన్ని ఆసు అంటారు. భుజాలు పడిపోయే పని. అది ఆడవాళ్లది. బొమ్మ గీయడం, మగ్గం మగవాళ్లవి. సంఘంలో సభ్యత్వం, నూలు కోటా కూడా మగవాళ్ల పేరు మీదే ఉండేవి.

ఆ ఏడు పద్మ అనే ఆమె తనకు సభ్యత్వం కావాలని వచ్చింది. భర్త భీవండిలో మరమగ్గాల పనికి పోయాడు. ఇంట్లో మగ్గం నడిపేది ఆమే, కానీ తన పేరు మీద నూలు రాదు. మా అధ్యక్షుడు నర్సింహులు కాసేపు హాస్యాలాడి, సొంత బొమ్మతో ఒక చీర నేసుకురమ్మని, అది పాసైతే చూద్దామని అన్నాడు. ఇక రాదనుకున్నాడు.

వచ్చింది. చీర పరిచాను. ఇటుక రంగు మీద తెల్ల కొంగలు బారులు బారులుగా ఎగురుతున్నాయి. ప్రతి బారులోనూ ఒక్క కొంగ మాత్రం వెనక్కి తిరిగి ఉంది. పేక తిరగబడిందని, డ్యామేజ్ రాయమని నర్సింహులు వెంటనే అన్నాడు. పేక నూలు చుట్టే కండె తలకిందులైతే బొమ్మ తిరగబడటం మా దగ్గర మామూలే.

నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. పేక తిరగబడితే బారు మొత్తం తిరగబడుతుంది. ఒక్క కొంగే తిరిగిందంటే దానికి విడిగా గుర్తు పెట్టి, విడిగా కట్టి ఉండాలి. ఇది పొరపాటు కాదు, పనిగట్టుకుని పడిన కష్టం. ఆ మాటే చెప్పాను. ఆయన కాస్త మెత్తబడ్డాడు గానీ, కొనేవాళ్లకు ఇదంతా ఎవరు చెబుతారన్నాడు. కొంగలన్నీ ఒకే దిక్కుకు పోయేలా ఇంకొకటి నేసుకొస్తే ఆ రోజే సభ్యత్వమన్నాడు. ఒప్పుకోమని నేనే ఆమెకు సైగ చేశాను.

పద్మ ఒప్పుకోలేదు. “గట్ల నేస్తే అది నా బొమ్మ గాదు సారు,” అంది.

ఎందుకమ్మా అంత పట్టుదల అని అడిగితే అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు వాళ్ల బాపు చీరలమ్మడానికి పట్నం పోయి, ఫుట్‌పాత్ మీద ఒక పాత బొమ్మల పుస్తకం కొనుక్కొచ్చాడట. ఏ భాషదో ఇంట్లో ఎవరికీ తెలియదు. కొంగల గుంపు గుట్టలు దాటి, వాన దాటి పోతుంటుంది. రెక్క దెబ్బతిన్న ఒక పిల్ల కొంగ వెనకబడుతుంటుంది. ప్రతి పేజీలో ఏదో ఒక కొంగ దానికోసం వెనక్కి తిరుగుతుంది. అట్టలు ఊడిపోయేదాకా చూసిందట.

“సదువు రాకముందే గా పుస్తకం సదివిన సారు. ఎవరన్న ఎనకబడితే నాకు కాలు ముందుకు పడదు.”

అది ఉత్త మాట కాదని నాకు తెలుసు. వాళ్ల పక్కింటి అంజమ్మ మర్రిగూడ నుంచి కోడలిగా వచ్చింది. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లకు చిన్నప్పుడే మోకాళ్లు వంగిపోయాయి. బోరింగు దగ్గరి నుంచి ఆడవాళ్లంతా గబగబా పోతుంటే, పద్మ మాత్రం బిందెతో అంజమ్మ నడకకు నడక కలిపి అందరికంటే చివర వచ్చేది.

నేను చీర మీద పాస్ ముద్ర వేశాను. పట్నం నుంచి తిరిగొస్తే నాదే పూచీ అన్నాను.

ఆ వారమే సంఘం సమావేశం. నా పూచీ మీద పద్మను చేర్చుకుంటున్నామని నర్సింహులు ప్రకటించాడు. ఆమె లేచి నిలబడి, అంజమ్మను కూడా చేర్చుకోమంది. తన చీరకు ఆసు పోసింది ఆమేనంది. ఆ మోకాళ్లతో మగ్గం గుంతలో కూర్చోవడం అంజమ్మ వల్ల కాదని, మగ్గం లేనివాళ్లకు సభ్యత్వం లేదని ఆయన కసిరాడు.

“అయితే నా పేరు గుడ జర ఆపుండ్రి. చేరితే ఇద్దరం ఒక్కపారే చేరుతం.”

చేతికొచ్చిన దాన్ని వదిలేస్తోంది. ఆసు లేకుండా చీర నేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తమని నేనే అడిగాను. ఒక్క చెయ్యీ లేవలేదు. ఒక ముసలి నేతగాడు లేచి, తన భార్య భుజం నొప్పితో రాత్రుళ్లు మూలుగుతుందని మాత్రం చెప్పి కూర్చున్నాడు. చాలాసేపు వాదులాట జరిగింది. చివరికి ఇద్దరినీ చేర్చుకున్నారు. ఆ మీదట ఆసు పోసే ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు.

పిల్లల బొమ్మల పుస్తకమే కదా అని ఎవరైనా తీసిపారేస్తే నేను ఊరుకోను. చదవడం రాని వయసులో చూసిన బొమ్మ మనిషికి ఎంత దన్నవుతుందో పద్మ దగ్గరే నేర్చుకున్నాను. నేను పాస్ చేసిన చీరల్లో చాలావాటి రంగు కూడా గుర్తులేదు. ఆ రోజు సమావేశంలో కొత్త సభ్యురాలిగా తన పేరు చదవగానే అంజమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడటం మాత్రం నిన్న చూసినట్టే ఉంది.