రోగి చేత్తో చూపించాలి

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటరులో అటెండరును. సెలవు రోజుల్లో గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నదే నా పై చదువు. ఆపరేషనుకు ముందు సరిచూసుకునే చెక్‌లిస్టు గురించి వివరంగా తెలుసుకున్నది అక్కడే. తనకు ఏ ఆపరేషనో, ఏ పక్కనో మత్తుకు ముందే రోగి తన నోటితో చెప్పాలట.

మా దగ్గరా ఆ కాగితం ఉండేది. సిస్టరు చదివేది, రోగి అవుననేవాడు, టిక్కు పడేది. మా పల్లెల వాళ్లు ఆసుపత్రిలో ఏమడిగినా అవుననే అంటారు. రోగి నోటితోనే చెప్పించాలంట అని చెబితే సిస్టరు నవ్వి, "లైబ్రరీ డాక్టరు వచ్చినాడు, దారి ఇడవండి" అంది.

ఒకరోజు నాయుడుపేటలో లారీలకు మూటలెత్తే మనిషి హెర్నియా ఆపరేషనుకు వచ్చాడు. గజ్జలో వాపు. పడుకుంటే లోపలికి పోతుంది, కంటికి కనపడదు.

"ఎడమ పక్కే కదా?" అంది సిస్టరు కాగితం చూసి.

"అవును మేడం."

మత్తు డాక్టరు సూది సిద్ధం చేస్తున్నారు. స్ట్రెచరు మీద తోసుకొస్తున్నప్పుడు అతడు దగ్గినప్పుడల్లా కుడి గజ్జ నొక్కి పట్టుకోవడం నేను చూశాను. ఇక ఊరుకోలేకపోయాను.

"అన్నా, మూట ఎత్తితే ఉబ్బేది యాడ? చేత్తో సూపించు."

అతడు కుడి పక్కన చెయ్యి పెట్టాడు.

"మరి ఎడమంటే అవునన్నావే?" అంది సిస్టరు.

"మీరు సదువుకున్నోళ్లు మేడం. పేపర్లో అట్ల ఉండాదేమో, నేనెట్ల కాదనేది?"

సర్జన్ గారు అతణ్ణి దింపి, నిలబెట్టి, దగ్గమన్నారు. కుడి పక్కే ఉబ్బింది. స్కానింగ్ రిపోర్టులోనూ కుడి అనే ఉంది. కేసు షీటులోకి ఎక్కించేటప్పుడే తప్పు దొర్లింది. సర్జన్ గారు ఎవర్నీ తిట్టలేదు. చేత్తో చూపించమని ఎందుకన్నావని నన్నడిగితే, లైబ్రరీలో చదివిన సంగతి చెప్పాను. కుడి పక్కన పెన్నుతో గుర్తు పెట్టి, "నువ్వు సదివిందేందో రేపు అందరికీ చెప్పప్పా" అన్నారు.

ఆపరేషను కుడి పక్కనే జరిగింది. ఆ మనిషి రెండు రోజులకు భార్యతో కలిసి నడిచి ఇంటికి పోయాడు.

డాక్టర్లు, సిస్టర్లు కూర్చుని ఉండగా నేను నిలబడి మాట్లాడాను. మాట తడబడలేదు. ఇప్పుడు గుర్తు వార్డులోనే, రోగిని నిలబెట్టి పెడుతున్నారు. థియేటరు గోడ మీది కొత్త కాగితంలో మొదటి వాక్యం, "రోగి చేత్తో చూపించాలి" అన్నది, నేను రాసిందే. సర్జన్ గారు అందులో ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.