చీకట్లో లేచిన గీత

ఆ దసరాకి మా జగ్గయ్యపేట ఇంట్లో నాన్న పారకీ, పత్తికి మందు కొట్టే స్ప్రేయర్‌కీ బొట్లు పెడుతున్నాడు. నేను లాప్‌టాప్ ముందేసుకుని, హైదరాబాద్ ల్యాబులోని నా మిషన్ పంపే గ్రాఫు గీతను చూస్తున్నాను.

ఆ మిషన్ లోపల, గాలి కూడా గడ్డకట్టే చలిలో, చిటికెడు పొడి ఉంది. అందులో ఒక్కో అణువూ ఒక బుల్లి అయస్కాంతం. సన్నటి గాజు తీగ గుండా వెలుగు పంపితే ఆ పొడి అయస్కాంత బలం పెరిగి గీత పైకి లేస్తుంది. వెలుగు ఆపేసినా దిగదు. ఇదంతా వెలుగు పనేనని నా థీసిస్. అది నిలబడాలంటే చీకట్లో గీత కదలకూడదు. కదిలిందా, ఇన్నేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

ఆ చీకటి పరీక్షలోనే పొద్దున్నుంచీ తిన్నగా పడుకున్న గీత, భోజనాల వేళకి లేవడం మొదలుపెట్టింది. వెలుగు పంపే లేజర్ ఆపేసి ఉంది. ల్యాబుకి సెలవు, తలుపుకి తాళం. అయినా లేస్తోంది, నిద్రలో ఎవరో పిలిస్తే లేచినట్టు, మెల్లగా. అమ్మ గారెలు తినమంటోంది. ఇంత ఫిజిక్స్ చదివి, దయ్యమేమో అనుకున్నాను.

సార్‌కి, అంటే మా గైడుకి, ఫోన్ చేశాను. ఆయనది నందిగామ. గుడి కనిపిస్తే మొహం తిప్పుకునే మనిషి. నా పరీక్ష కోసం ఆ ఏడు పండక్కి ఊరెళ్లలేదు.

"సార్, చీకట్లో లేస్తోందండి."

సార్ గొంతు తగ్గించారు.

"ఇందాక నేనే ల్యాబుకి వెళ్లానమ్మాయ్. పండగ పూట పనిముట్టుకి బొట్టు పెట్టకుండా మనవైపు ఎవరుంటారు? వెలుగు మోసేది ఆ గాజు తీగే కదా అని, బయటి కొసకున్న మూత తీసి దానికీ పెట్టా. ఎదురుగా దీపం వెలిగించా. మూత మళ్లీ పెట్టడం మర్చిపోయా."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

"ఏమని దణ్ణం పెట్టుకున్నారు సార్?"

"నీ గీత కదలకూడదని."

మర్నాడే చిల్లకల్లు దగ్గర బస్సెక్కి ల్యాబుకి వెళ్లాను. ప్రమిదలో నూనె అయిపోయి దీపం కొండెక్కింది. గీత మాత్రం వెంట్రుకవాసి కూడా దిగలేదు. ఆరిపోయిన దీపం వెలుగు ఆ చలిలో ఇంకా కూర్చునే ఉంది. పరీక్ష మళ్లీ మొదలుపెట్టాలంటే, పొడిని కాస్త వేడి చేసి ఆ వెలుగును చెరిపేయాలి.

"వేడి బటన్ నువ్వే నొక్కమ్మా," అని సార్ కిటికీ వైపు తిరిగారు.

నొక్కాను. గీత జారిపోయింది. ఎవరినో ఇంట్లోంచి వెళ్లగొట్టినట్టు అనిపించి ఏడుపొచ్చింది.

మూత బిగించి, మళ్లీ చల్లబరిచాం. ఈసారి గీత కదల్లేదు. నా థీసిస్ నిలబడింది. సార్ చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"ఈసారి దణ్ణం పెట్టలేదమ్మాయ్," అన్నారు.