సముద్రం తిరిగి రాని దిబ్బ

మా వదిన సిపోరా మా రానొంగా దీవి ఒడ్డున పగడపు దిబ్బ మీద ఆల్చిప్పలు ఏరి పిల్లల్ని పెంచింది. ఆ సోమవారం పొద్దున మోకాలి లోతు నీళ్లలో ఉండగా భూమి ఊగిపోయింది. బుట్ట పారేసి పరుగెత్తింది. ఉప్పెన వస్తుందని ఊరంతా కొండెక్కాం.

సముద్రం వెనక్కి తగ్గింది. మర్నాటికీ తిరిగి రాలేదు. దిబ్బంతా ఎండలో తేలి, చేపలు కుళ్లిపోతున్నాయి.

పక్క దీవి నుంచి పడవలో వచ్చిన జోబా బావ ఒడ్డు చూసి నిలబడిపోయాడు. "మా దగ్గర అల ఇళ్లు ఊడ్చుకుపోయింది గానీ, నీళ్లు మళ్లీ ఎప్పటి చోటికే వచ్చాయి. మీ దీవే పైకి లేచింది!"

"దీవి లేవడమేంటి బావా, ఇన్నాళ్లూ నిద్రపోయిందా?" అన్నాను.

వదిన నవ్వలేదు. ఆమె చూపు మా వెనక విరిగిపడిన పెండలం తోట గట్టు మీద ఉంది. మట్టి లోపల తెల్లటి పగడం. అందులో మూసుకున్నట్టే ఉన్న పెద్ద ఆల్చిప్ప. దాన్ని చేత్తో తడిమి, పైకి చూసింది. తోట పైన చర్చి ఉన్న చదును, దాని పైన ఇంకో చదును, అన్నీ మెట్లలా ఉన్నాయి.

"ఇవన్నీ ఒకప్పుడు దిబ్బలేనే పిల్లా," అంది. "ఈ దీవి ఎన్నిసార్లు లేచిందో! మనం సముద్రం అడుగున పెండలం నాటుకుంటున్నామా?"

ఆల్చిప్పల కోసం ఇప్పుడామె పక్క దీవికి పడవేసుకుని వెళ్తోంది.