పెదనాన్న బోర్డు పైకి ఎందుకెక్కింది?

మా పెదనాన్న డీజిల్ పికప్ బండి ఎందుకు వేడెక్కేదో ఇంతవరకు నన్ను ఒక్కరూ అడగలేదు. మొన్న మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో అన్న, అంటే పెదనాన్న కొడుకు, ఆ బండి పాత ఫొటో పెట్టి, తన చేతికొచ్చాక అది ఒక్కనాడూ వేడెక్కలేదని కింద రాసుకున్నాడు. ఫొటోలో పెదనాన్న పేరున్న రేకు బోర్డు క్యాబిన్ నెత్తిమీద ఉంది. అంతకుముందు అది ఎక్కడుండేదో చెప్పమని నేను రాశాను. అందరూ చదివారు. వదిన ఒక దండం బొమ్మ పెట్టింది, అంతే.

పెదనాన్నకి రాంగోపాల్‌పేట్‌లో మోటారు పంపుల దుకాణం ఉండేది. కోస్తా నుంచి వచ్చి బోయిగూడలో స్థిరపడిన కుటుంబం మాది. చదువు ముగించి ఖాళీగా ఉన్న నాకు ఆయన బండి తాళాలు ఇచ్చినప్పుడు, ఉద్యోగం దొరికిన దానికంటే ఎక్కువ పొంగిపోయాను. పంపులు, పైపులు వేసుకుని శామీర్‌పేట దాటాక తారురోడ్డు వదిలేసి, బండల మీదుగా, రేగు పొదల్లోంచి బావుల దాకా వెళ్లాలి. ఆ ముళ్లపొదలకి తలుపుల మీద రాయించిన దుకాణం పేరు గీసుకుపోయిందని బాధపడి, పెదనాన్న పెద్ద రేకు బోర్డు చేయించి, బండి ముందు జాలీకి అడ్డంగా కట్టించారు. ఎదురొచ్చే ప్రతివాడూ తన పేరు చదవాలని ఆయన ముచ్చట.

వేడెక్కడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. తారురోడ్డు మీద ఇంజను వేడి చూపే మీటరు ముల్లు బుద్ధిగా మధ్యలో నిలబడేది; మట్టిబాట పట్టి మొదటి గేరులో ఎత్తు ఎక్కడం మొదలుపెట్టగానే ఎర్రగీత వైపు పాకేది. ఆపి, పొగలు కక్కే బానెట్ ఎత్తి, చల్లారేదాకా గట్టున కూర్చోవడం నాకు అలవాటైపోయింది. మెకానిక్‌కి చూపిస్తే నవ్వాడు. “బండికేం కాలే భయ్, నీ కాలే గరం ఉన్నది. క్లచ్ మీద కాలు పెట్టి పంటవా ఏంది?” ఆ మాట నా కంటే ముందే దుకాణానికి చేరింది, అక్కడి నుంచి ఇంటికి వెళ్లింది. అన్నం వడ్డిస్తూ పెద్దమ్మ కూడా నా కాలి వైపు చూసేది.

అయినా ఆ బండి నాకు ఒక పొడుపుకథలా తగులుకుంది. నీళ్లు నిండుగా ఉన్నాయి. ఫ్యాన్ బెల్టు బిగువుగానే ఉంది. రేడియేటర్ సందుల్లో గడ్డిగింజలు ఇరుక్కున్నాయేమోనని వెనకనుంచి నీళ్లు కొట్టి కడిగాను, కొంత గడ్డి రాలింది గాని ముల్లు మారలేదు. బరువు వల్ల అనుకుంటే, అదే బరువుతో తారురోడ్డు మీద ఏమీ లేదు కదా! తేడా వేగంలో ఉంది. వేగంగా పోతే తనంతట తానే లోపలికి వచ్చేది, మెల్లగా పోతే రానిది ఏమిటి? గాలి.

ఆ ఆలోచన వచ్చాక, ఒక ఎత్తు దగ్గర ఇంజను ఆపకుండా దిగి, పంపులకి చుట్టిన పాత పేపరు చించి బండి ముందు పట్టుకున్నాను. బోర్డు దగ్గర అది కదల్లేదు. బోర్డుకీ బంపరుకీ మధ్య సన్నని సందు దగ్గర పెట్టగానే చేతిలోంచి లాక్కుపోయింది. పాపం, బండి ఆ సందులోంచే ఊపిరి పీల్చుకుంటోంది! తాళ్లు విప్పి, బోర్డు పైపుల మీద పడేసి, అదే ఎత్తు మళ్లీ ఎక్కాను. ముల్లు మధ్యలోనే ఉండిపోయింది. అప్పటి నా సంతోషం పరీక్ష పాసైనప్పుడు కూడా లేదు.

పెదనాన్న మాత్రం విప్పిన బోర్డునే చూశారు. “ఇంత రేకు ముక్క ఇంజన్ని ఉడకబెడుతుందంట్రా? నా పేరు నీకు అంత బరువైందా?” అని మళ్లీ కట్టించారు. బండి మళ్లీ ఉడికింది. నన్ను దింపి దుకాణంలో కూర్చోబెట్టి, తాళాలు అన్నకిచ్చారు.

కొన్నాళ్లకి ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి సాక్ష్యం చెబుతుంటే మధ్యలో అడ్డుపడకూడదు, అది మా పద్ధతి. పెదనాన్న లేచి, బండి తన కొడుకు చేతికి వచ్చినప్పటినుంచి వేడెక్కే ఆ శోధన తొలగిపోయిందని చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. నా పక్కన కూర్చున్న మా అమ్మ కూడా అంది. బయటికి వచ్చి చూస్తే గేటు దగ్గర బండి, దాని నెత్తిమీద బోర్డు. నేను అలాగే నిలబడిపోతే అన్న వచ్చి భుజం తట్టాడు. “ఏందిరా గట్ల చూస్తున్నవ్? పైన ఉంటే పేరు జెర దూరంకెల్లి కనిపిస్తది.”

ఇప్పటి బండ్లలో చాలావాటికి ఆ ముల్లే లేదు. ఎర్ర దీపం వెలిగితే వర్క్‌షాపుకి ఫోను చేస్తారు. బానెట్ ఎత్తి, వేడి డీజిల్ వాసనలో, బండికి ఏమైందా అని దానితోనే మాట్లాడుకున్న ఆ పూటలు ఇక రావు. వాటి కోసం ఒక్కోసారి ప్రాణం కొట్టుకుంటుంది.

ఈ ఆదివారం మారేడ్‌పల్లిలో అన్న ఇంట్లో పెదనాన్నకి కృతజ్ఞతా కూడిక. ఆయన చెవులు ఇప్పటికీ బాగానే పనిచేస్తున్నాయి. నేను లేచి సాక్ష్యం చెబుతాను. పద్ధతి ప్రకారం ఎవరూ అడ్డుపడకూడదు. అది అయ్యాక, ఆమెన్ అనేముందు, తండ్రో కొడుకో ఒకరు నాకు జవాబు చెప్పాలి: తప్పు నా కాలిదే అయితే, ఆ బోర్డు పైకి ఎందుకెక్కింది?