సాయిదుర్గ కనుబొమ్మ మీది గడ్డ

రాజోలు బస్టాండు వెనక సందులో తులసి జాకెట్లు కుట్టేది. ఆవిడ జాకెట్టుకి మెడ కత్తిరిస్తే భుజం జారదని చుట్టుపక్కల ఆడవాళ్లకి గట్టి నమ్మకం. భర్త శివశంకర్ కొబ్బరికాయల లారీలకి లోడింగు చూసేవాడు. వాళ్లకి తొంభై ఆరులో సాయిదుర్గ పుట్టింది.

పుట్టినప్పుడే పిల్ల ఎడమ కనుబొమ్మ చివర, చర్మం కింద, కందిగింజంత ఏదో గట్టిగా చేతికి తగిలేది. నొప్పి లేదు, ఎరుపూ లేదు. మూడేళ్లు నిండేసరికి అది చిన్న రేగుపండంత అయింది.

అత్తగారు కాంతానిది మొదట్నించీ ఒకటే మాట.

"గ్రహణం పూట కత్తెర పట్టుకుందండి. పిల్లకి గడ్డ రాక ఏమొస్తాది?"

అది నిజమే. తులసి కడుపుతో ఉండగా, దీపావళి మర్నాడు పొద్దున్నే సూర్యగ్రహణం పట్టింది. ఊరంతా తలుపులేసుకుని కూచుంటే, తులసి లోపలి గదిలో ఓ పెళ్లికూతురి జాకెట్టు కత్తిరించింది. ఆ సంగతి అత్తగారు నలుగురిలో ఎత్తినప్పుడల్లా తులసి తలొంచుకునేది. ఎదురు చెప్పకపోవడం భయంతో కాదు, తనూ అదే నమ్మింది. పిల్ల జుట్టు ముందుకి దువ్వి ఆ చోటు కప్పేసేది.

ఓ రోజు కాంతం, సంతలో గడ్డలు కోసే ఒకాయన దగ్గరికి వాళ్లని తీసికెళ్లింది. సూదితో గుచ్చి పిండేస్తే పోతుందని ఎవరో చెప్పేరట. ఆయన దబ్బనం లాంటి సూది మంట మీద కాల్చి దగ్గరికి తెచ్చేడు. పిల్ల కెవ్వుమంది. తులసి దాన్ని లాగి గుండెకి కరుచుకుంది.

"వద్దండి. ఒద్దంటే ఒద్దు," అని గబగబా నడిచి వచ్చేసింది. దారి పొడుగునా అత్తగారు తిడుతూనే ఉంది.

సంగతి విని శివశంకర్ మర్నాడే పని మానుకుని అందర్నీ అమలాపురం బయల్దేరదీసేడు. అక్కడ పిల్లల డాక్టరు మాణిక్యాలరావు గారు గడ్డని వేలితో అటూ ఇటూ కదిపి చూసేరు.

"పుట్టినప్పట్నించీ ఉందామ్మా?"

"ఆయ్, ఉందండి."

"పిల్ల ఏడ్చినప్పుడు ఉబ్బుతోందా?"

"లేదండి, ఎప్పుడూ అంతేనండి."

"పైన చర్మం జరుగుతోంది, అడుగున మాత్రం ఎముకని పట్టుకుని ఉంది. దీన్ని డెర్మాయిడ్ సిస్టు అంటారు. క్యాన్సరు కాదు, భయపడకండి. కానీ దానంతటది పోదు, పెరుగుతూనే ఉంటుంది. ఆపరేషన్ చేసి తీసెయ్యాలి. ముందు కాకినాడలో స్కాన్ తీయించండి. ఎముక దాటి లోపలికి పోలేదని తేలాలి."

తులసి పిల్ల జుట్టు మళ్లీ ముందుకి సర్దింది. "గ్రహణం పూట నేను కత్తెర పట్టేనండి. అందుకేనా?"

ఆయన నవ్వలేదు. "కాదమ్మా. కడుపులో బిడ్డ మొహం తయారయ్యేటప్పుడు, పైన ఉండాల్సిన చర్మం ముక్క ఒకటి లోపల ఇరుక్కుపోతుంది. అది లోపలే నూనె, వెంట్రుకలు తయారుచేసుకుంటూ ఉంటుంది. అదీ గడ్డ. ఎవరు ఏం చేసినా, చెయ్యకపోయినా వచ్చేదే." సంతలో సూది సంగతి విని, "గుచ్చనివ్వకపోవడం మంచిదైంది. లోపల పగిలితే వాచిపోయేది, మొత్తం తియ్యడం కష్టమయ్యేది," అన్నారు.

కాంతం సంచీ అందుకుని అందరికంటే ముందు బయటికి నడిచింది.

ఎదుర్లంక దగ్గర పంటు ఎక్కి గోదారి దాటి, యానాం మీదుగా కాకినాడ చేరేరు. పిల్ల కదలకుండా నిద్రమందిచ్చి స్కాన్ తీసేరు. గది బయట తులసి అటూ ఇటూ తిరిగింది. అక్కడి సర్జను గారు ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, "ఎముక మీద చిన్న గుంట పడింది, అంతే. లోపలికి దారి లేదు," అన్నారు. శివశంకర్ అక్కడే నేల మీద చతికిలబడి మొహం తుడుచుకున్నాడు.

ఆపరేషన్ పూర్తి మత్తులో జరిగింది. కోత కనుబొమ్మ వెంట్రుకల్లోనే పెట్టేరు. ఆ గీత ఇప్పటికీ వెతికితే గానీ కనపడదు. కాసేపటికి సర్జను గారు స్టీలు పళ్లెంతో బయటికొచ్చేరు.

"తిత్తి చిరక్కుండా మొత్తం వచ్చేసింది. ఏ ముక్కా మిగల్లేదు, మళ్లీ వస్తుందన్న బెంగ పెట్టుకోకండి."

పక్కనే దాన్ని కోసి చూపించేరు. లోపల పసుప్పచ్చటి వెన్న లాంటి పదార్థం, దాంట్లో రెండు సన్నటి వెంట్రుకలు.

కాంతం వంగి చూసింది. "ఆ డాక్టరుగారు చెప్పినట్టే ఉందే," అంది మెల్లగా. తర్వాత తులసి వీపు మీద చెయ్యి వేసింది. "పిల్లకి మెలకువొస్తాది. ముందు నువ్వెళ్లమ్మా. నేను తర్వాత చూస్తాలే."

ఆ మూడేళ్లలో అత్తగారు తనని 'అమ్మా' అని పిలవడం తులసికి గుర్తులేదు.

తర్వాతి వారం కాకినాడలోనే కుట్లు విప్పేరు. ల్యాబు నుంచి రిపోర్టూ వచ్చింది. డెర్మాయిడే, చెడు ఏమీ లేదు. ఆ కబురు విన్నాక వాళ్లకి ఒక్కసారిగా ఒళ్లు తేలికైపోయింది. తిరిగొస్తూ అమలాపురంలో రాజోలు మీదుగా పోయే బస్సెక్కి, కిటికీ గాలికి ముందు పిల్ల, దాని మీద తల వాల్చి కాంతం, తర్వాత మొగుడూ పెళ్లాలు నిద్రపోయేరు.

కండక్టరు తట్టి లేపేసరికి రాజోలు దాటిపోయి బస్సు మలికిపురంలో ఉంది.

"ఎక్కడ దిగాలండి మీరు?"

శివశంకర్ బిక్కమొహం వేసేడు. కాంతం ముందు నవ్వింది. తులసి ఆపుకోలేక చీరచెంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏమైందో తెలియకపోయినా, పెద్దవాళ్లు నవ్వుతున్నారని సాయిదుర్గ కూడా చప్పట్లు కొట్టింది.