ఖాళీగా ఉన్న వేలు

2023 నవంబరు 12, ఉదయం 9 గంటల 40 నిమిషాలు. ముప్పై ఎనిమిదేళ్లు రైలు డ్రైవరుగా పనిచేసి రిటైరైన ఉగాజిన్ షుకిచి, జపాన్‌లో ఉత్సునోమియా నగరంలోని తన ఇంట్లో, వీడియో గేములోని గొడ్డలి రాక్షసుడి చేతిలో మళ్లీ చచ్చాడు. మధ్యాహ్న భోజనంలోగా గెలవకపోతే ఆటను ‘సులభం’ స్థాయికి మార్చేస్తానని భార్య నోబుయేకు మాటిచ్చాడు.

“కంగారుపడి మరీ ముందే పక్కకి దూకేస్తున్నారండీ,” అంది నోబుయే ముల్లంగి తరుగుతూ. “రైల్లో ప్రతి సిగ్నలుకీ వేలు చూపించి, అదేంటో పైకి చెప్పాకే బండి నడిపేవారుగా! ఇక్కడ నోరు పడిపోయిందా?”

“రెండు చేతులూ మీటల మీదుంటే వేలెలా చూపించనే?”

“నా వేలు ఖాళీయేగా!”

ఆమె కత్తి పక్కన పెట్టి తెర ముందు కూర్చుంది. గొడ్డలి లేవగానే వేలు చూపింది.

“గొడ్డలి లేచింది!” షుకిచి డ్యూటీనాటి గొంతుతో పలికాడు. పలకడం పూర్తయ్యాకే దూకాడు. అతనికి కావలసింది ఆ కాస్త ఆలస్యమే. గొడ్డలి ప్రతిసారీ గాలినే నరికింది. చివరికి రాక్షసుడు కూలాడు.

“రాక్షసుడు లేడు! దారి సరే!” ఇద్దరూ ఒకేసారి వేలు చూపించి అరిచారు. నోబుయే నవ్వాపుకోలేక చాప మీద వాలిపోయింది.

షుకిచి నోటుబుక్కు తెరిచి, ఆ రాక్షసుడి చేతిలో తాను మొత్తం ఎన్నిసార్లు చచ్చాడో రాసుకున్నాడు: 263.