పదేళ్ల సాక్ష్యం

డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధన చివర్లో అయ్యగారు ఒక ప్రకటన చేశారు. మా సంఘంలో ఏటా క్రిస్మస్ ముందు ఆదివారం ఇంటికొకరు లేచి, ఆ సంవత్సరం దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటాం. ఈసారి డెబ్బైల దశకం అయిపోతోంది కాబట్టి ఒక్క ఏడాదిది చాలదట, పదేళ్లదీ చెప్పాలట. "దాచుకోకండమ్మా, పొందిన మేలు నలుగురికీ తెలియాలి" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను మాత్రం ఒళ్లో కూర్చున్న పాప చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. అది "అబ్బా, నొప్పమ్మా" అని గింజుకుంది.

ఆ పాప నా కడుపున పుట్టింది కాదు. రెండేళ్ల కిందట నవంబరులో దివిసీమ మీద ఉప్పెన వచ్చినప్పుడు మా సంఘం వాళ్లం బియ్యం, పాతబట్టలు లారీలో వేసుకుని వెళ్లాం. సహాయ శిబిరం నడుస్తున్న ఒక బళ్లో, నల్లబల్ల కింద, ఎవరిదో పెద్దవాళ్ల చొక్కా తొడుక్కుని కూర్చుని ఉంది. మూడేళ్లుంటాయేమో. పేరడిగితే "పాప" అంది. వాళ్లమ్మ పేరడిగితే "అమ్మ" అంది. అంతే, ఆ తర్వాత చాలారోజులు నోరు విప్పలేదు. శిబిరం వాళ్లు ఊరూరా చాటింపు వేయించారు, ఎవరూ రాలేదు. పెళ్లయి ఏడేళ్లయినా మాకు పిల్లల్లేరు. మా చిరునామా రాసుకుని, "ఎవరైనా వస్తే కబురు చేస్తామండీ" అంటూ పిల్లను నా చేతుల్లో పెట్టారు. పిల్లతోపాటు ఆ "ఎవరైనా వస్తే" అన్న మాట కూడా మా ఇంటికొచ్చింది. పిల్లయినా నిద్రపోయేదిగానీ ఆ మాట పోయేది కాదు.

మేం వన్ టౌన్‌లో ఒక మిరపకాయల గోడౌను వెనక రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్లం. పొద్దున్న కుళాయి దగ్గర బిందెల పోట్లాట, ఆ తర్వాత తోపుడుబళ్ల చప్పుడు, హమాలీల కేకలు. మధ్యాహ్నానికి మిరప ఘాటెక్కి వీధి వీధంతా తుమ్మేది. పాప ఆ తుమ్ములు లెక్కపెట్టి పకపకా నవ్వేది. ఆ నవ్వు చూసి నేనూ నవ్వబోయేదాన్ని, అంతలోనే ఆగిపోయేదాన్ని. ఈ నవ్వు ఎవరి పోలికో! వాళ్లు ఎక్కడైనా బతికి ఉన్నారేమో!

బందరు బండిలో గంపలు తెచ్చుకుని చేపలమ్మే ఒకావిడ మా వీధికి వచ్చేది. ఒకరోజు ఆవిడ గంప దించి గోనెపట్టా తీయగానే పాప గబగబా వెళ్లి, "చందువా! సావడాయి!" అని వేలుపెట్టి చూపించింది. నేను దానికి రోజూ పెట్టేది పప్పన్నం. వాటి పేర్లు నాకే సరిగ్గా తెలియవు. చేపలామె నోరు తెరిచి, "అమ్మగారూ, ఈ పిల్ల మా సముద్రం వొడ్డుదాన్లాగే ఉందే!" అంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "మా చుట్టాలింట్లో నేర్చుకుంది" అని పిల్లను చంకనేసుకుని లోపలికొచ్చి తలుపు గడియ పెట్టాను. ఆ రోజు నుంచి ఆవిడ కేక సందు మొదట్లో వినిపిస్తే చాలు, పిల్లను పెరట్లోకి తీసుకుపోయేదాన్ని. మా ఆయన చేపలంటే ప్రాణం పెడతారు. ఏమైందే చేపలు తేవడం లేదంటే, పాపకు పడటం లేదని చెప్పాను.

అయ్యగారు చెప్పారు కదా అని ఓ సాయంత్రం బియ్యంలో రాళ్లేరుతూ ఈ పదేళ్ల మేళ్లు గుర్తుచేసుకుందామని కూర్చున్నాను. ఏం మేళ్లో! తలుచుకున్నకొద్దీ భయాలే వరసకట్టి వచ్చాయి. యుద్ధమప్పుడు కిటికీలకు నల్లకాగితాలు అంటించుకుని, దీపం వత్తి తగ్గించుకుని కూర్చున్నాం. రాష్ట్రం విడిపోవాలన్న గొడవల్లో కర్ఫ్యూ పెడితే, పాలకోసం వెళ్లిన మనిషి తిరిగొచ్చేదాకా గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన రైల్వేలో గుమస్తా. సమ్మె జరిగినప్పుడు అరెస్టు చేస్తారని భయపడి మైలవరంలో మా పిన్నిగారింటికి పారిపోయి, కోళ్లగూడు పక్కన మంచం వేసుకుని పడుకున్నారు. ఇప్పటికీ కోడికూత వింటే ఉలిక్కిపడతారు. ఆ తర్వాత ఉప్పెన. ఇక ఈ ఏడు అమెరికావాళ్ల స్కైలాబ్ ఆకాశంలోంచి ఊడి నెత్తిమీద పడుతుందని ఊరంతా హడలిపోయింది. పక్కవాటా ఆవిడ ఎలాగూ చస్తాం కదా అని పెంచుకున్న కోళ్లన్నీ కోసి వండేసి, మర్నాడు ఏమీ పడకపోయేసరికి నెత్తి కొట్టుకుంది. అందరూ ఆకాశంకేసి చూస్తుంటే నేను మాత్రం సందు మొదటికేసి చూస్తున్నాను. నాకు రావలసిన ముప్పు పైనుంచి రాదు, అవనిగడ్డ బస్సు దిగి నడుచుకుంటూ వస్తుంది.

ఆ రాళ్లు ఏరడం అయ్యాక మా ఆయన్ని పట్టుకున్నాను.

"ఏవండీ, రేపు సాక్ష్యంలో ఏమైనా చెప్పుకోండి, పాప సంగతి మాత్రం ఎత్తకండి."

"అదేమిటే! పదేళ్లలో మనకు జరిగిన మేలంటే అదొక్కటే కదా."

"అందుకే చెప్పొద్దంటున్నా. పండక్కి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. ఎవరి చెవిన పడి ఎక్కడికి పోతుందో!"

"దేవుడిచ్చిన బిడ్డని దొంగసొమ్ములా దాచమంటావా?"

"దొంగసొమ్మే అనుకోండి! మీకు పుణ్యం ఉంటుంది, ఆ నోరొక్కటి మూసుకుని రండి."

సరేనన్నారు. ఆయన సరే అంటే నమ్మడం నాదే బుద్ధితక్కువ. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

క్రిస్మస్ ముందు ఆదివారం గుడి కిటకిటలాడింది. రంగుకాగితాల తోరణాలు, కొత్తబట్టల వాసన. మా వంతు రాగానే ఆయన లేచారు. సమ్మె గురించి, పోయిందనుకున్న ఉద్యోగం నిలబడ్డం గురించి చెప్పారు. మైలవరం కోళ్ల సంగతి చెబితే అందరూ నవ్వారు. హమ్మయ్య, ఇక కూర్చుంటారు అనుకున్నాను. కూర్చోలేదు. గొంతు సవరించుకున్నారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. ఉప్పెన, బడి, నల్లబల్ల, పెద్ద చొక్కా, కుడి మోకాలి కింద కాలిన మచ్చ... ఆయన దేవుడికి చెప్పుకుంటున్నట్టే ఒక్కటీ వదలకుండా చెప్పేశారు. చివరికి ఏడ్చారు. ఆడవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. వెనక బెంచీల్లో ఎవరెవరు ఉన్నారో చూడ్డానికి తల తిప్పే ధైర్యం కూడా రాలేదు.

ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన మా ఆయన దగ్గరికొచ్చి వందనాలు చెప్పారు. దివిసీమలో నాగాయలంక అవతల ఎక్కడో కాంపౌండరట, కూతురింటికి పండక్కి వచ్చారట. "పాపకి ఇప్పుడెన్నేళ్లుంటాయండీ?" అని అడిగారు. మా ఆయన సంబరంగా చెప్పారు. ఆ పెద్దాయన వంగి పాప మోకాలికేసి చూశారు. "మా ఊళ్లో ఒకతను బిడ్డకోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాడండీ. చెప్పి చూస్తాను" అని వెళ్లిపోయారు.

ఇంటికొచ్చాక మా ఆయన్ని కడిగి పారేశాను. నోటికి అడ్డూ ఆపూ ఉండక్కర్లేదా అన్నాను. మీరు మనిషా అన్నాను. ఆయన మంచం పట్టె మీద తలొంచుకు కూర్చుని, "చెప్పకుండా ఉండలేకపోయానే" అన్నారు. అప్పటికి ఆయన మొహంలోనూ రంగు లేదు.

ఆ క్రిస్మస్ ఎలా జరిగిందో దేవుడికే ఎరుక. అరిసెల పాకం ముదరబెట్టాను. పాపకు కుట్టించిన గౌను తొడిగి గుండీలు తప్పుడు కాజాల్లో పెట్టాను. పాటలు పాడుతూ ఇంటింటికీ వచ్చే కుర్రాళ్లు తలుపు తడితే, పాపను వెనక్కి నెట్టి ఎవరని అరిచాను. వాళ్లు బిత్తరపోయారు. పిల్లను తీసుకుని గన్నవరంలో మా అక్క దగ్గరికి వెళ్లిపోదామని సంచి కూడా సర్దాను. మళ్లీ విప్పాను. ఎన్నాళ్లని పారిపోతాను? అతను బిడ్డకోసం తిరుగుతున్నవాడు, గన్నవరం రాలేడా? ప్రార్థన చేసుకుందామని మోకరిస్తే మాట వచ్చేది కాదు. అతని బిడ్డ కాకూడదని అడగాలి. అలా అడిగితే అతని బిడ్డ సముద్రంలో పోయిందని కోరుకున్నట్టే. ఆ రెండు మాటల మధ్య ఇరుక్కుని ఊరికే కళ్లు మూసుకుని ఉండిపోయేదాన్ని.

డిసెంబరు ఆఖరి రోజు పొద్దున్నే వచ్చాడు. నల్లగా, సన్నగా ఉన్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. చేతిలో గుడ్డసంచి. గుమ్మం ముందు చెప్పులు విడిచి, "కాంపౌండరు గారు చెప్పారండి" అన్నాడు. అంతకంటే ఏమీ చెప్పక్కర్లేకపోయింది. మా ఆయన కుర్చీ వేస్తే కూర్చోలేదు, నేలమీదే చతికిలపడ్డాడు.

చప్పుడు విని పాప బయటికొచ్చింది. నోట్లో అరిసె ముక్క. అతను తలెత్తి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. నేను గోడకు ఆనుకున్నాను. పాప సిగ్గుపడి లోపలికి పరిగెత్తింది.

"మా పిల్ల కాదండి" అన్నాడు.

నాకు ఊపిరి ఒక్కసారిగా వచ్చింది. అతను తుండుగుడ్డ మొహాన కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. నేను మంచినీళ్లు తెచ్చిచ్చాను. గ్లాసు అందుకుని, తాగకుండానే పక్కన పెట్టాడు.

"తప్పుగా అనుకోబాకండి. ఎవురు ఎక్కడని చెబితే ఆ ఇంటికల్లా ఎల్లి చూసొత్తన్నానండి. ఈ ఇల్లు కూడా చూసేశాను" అన్నాడు. లేవబోయి మళ్లీ ఆగాడు. "ఈ పిల్లెవరో మాత్రం నాకు తెలుసండి. మా పక్కింటోళ్లది. అచ్చం ఆళ్లమ్మ మొహమే. కాలిమీద మచ్చంటారా, పొయ్యి కాడ ఆడుకుంటా కొరివి మీద పడిందండి. మా ఆడది పరిగెత్తుకెళ్లి నూనె రాసింది."

మా ఆయన అడిగారు. "వాళ్లింట్లో ఎవరైనా..."

"ఎవురూ లేరండయ్యా. తాత ఒక్కడు మిగిలాడు, అదీ మంచంలో. ఆయనా పోయిన ఏడాది పోయాడు. ఇంక అడిగేవోళ్లు ఎవురూ రారు. మీ పిల్లే అనుకోండి, బెంగపడబాకండి."

రెండేళ్లుగా ఏ మాట కోసం ప్రాణాలు బిగబట్టుకుని బతికానో ఆ మాట వచ్చేసింది. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

"దానికి ఆళ్లమ్మ పెట్టిన పేరు చెప్పమంటారా అమ్మగారూ?" అన్నాడతను.

వద్దని చెప్పాలనిపించింది. పిల్లను ఇక ఎవరూ తీసుకుపోరు కదా, అయినా నాకు అంతకుముందుకంటే ఎక్కువ భయం వేసింది. ఆ పేరు ఇంట్లోకి వస్తే ఆ పేరు పెట్టిన మనిషీ వస్తుంది. మా ఆయన నాకేసి చూశారు. ఎలా అన్నానో తెలియదు, "చెప్పండి" అన్నాను.

అతను మాకు చెప్పలేదు. లోపలి గదివైపు తిరిగి, వాళ్ల వాడలో వీధి చివరి నుంచి పిలిచినట్టు, దీర్ఘం తీసి ఆ పేరు పిలిచాడు. మా ఇంట్లో ఎప్పుడూ వినపడని పేరు.

లోపల గిన్నె కిందపెట్టిన చప్పుడైంది.

"ఓయ్!" అంది పాప.

పరిగెత్తుకుంటూ వచ్చింది. అతన్ని చూసింది. అతని వెనక గుమ్మంలోకి చూసింది, గుమ్మం దాటి సందులోకి చూసింది. అక్కడ ఎవరూ కనిపించక నా దగ్గరికొచ్చి, నా కొంగు పట్టుకుని, "అమ్మ వచ్చిందా అమ్మా?" అని నన్నే అడిగింది.